బోనులో నిలబడాల్సింది వస్తువు

ఎవరికైనా ఏదో ఒక వస్తువు వల్ల దెబ్బ తగిలిందని తెలిస్తే మన నోట వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "చూసుకోలేదా?" నిచ్చెన విరిగి పడితే, సరిగ్గా ఆనించలేదా అంటాం. ఫోన్ బ్యాటరీ పేలితే, రాత్రంతా చార్జింగ్‌లో వదిలేశావా అంటాం. బొమ్మ నుంచి ఊడిన ముక్క పిల్లాడి గొంతులో ఇరుక్కుంటే, అప్పుడు తల్లి ఏం చేస్తోందని అడుగుతాం. ప్రేమతో అడిగినా, ఆరా తీయడానికి అడిగినా, ఆ ప్రశ్న నిలదీసేది గాయపడిన మనిషినే. నిచ్చెన ఎందుకు విరిగింది? బ్యాటరీ ఎందుకు పేలింది? ముక్క అంత తేలిగ్గా ఊడిపోయేలా ఆ బొమ్మను ఎందుకు చేశారు? ఇవి చాలాసార్లు ఎవరికీ తోచవు. దెబ్బ తిన్నవాళ్లు కూడా, నా అజాగ్రత్తే అనుకుని ఊరుకుంటారు.

అలా ఊరుకోనక్కర్లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. లోపమున్న వస్తువు వల్ల గాయపడినవాళ్లు నష్టపరిహారం అడగడానికి చట్టంలో గట్టి ఆధారాలే ఉన్నాయి. వందేళ్లకు పైగా తడబడి చట్టం చివరికి సరైన ప్రశ్న దగ్గరికి చేరింది. వస్తువు ఎంత భద్రంగా ఉండాలని ఆశించే హక్కు జనానికి ఉందో, అది అంత భద్రంగా ఉందా లేదా? ప్రశ్న సరైనదే. అయితే జవాబును రుజువు చేసే బరువు ఇప్పటికీ చాలావరకు ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి మీదే ఉంది. నా అభ్యంతరం అక్కడే.

ఆ తడబాటు ఎక్కడ మొదలైందో చూస్తే ఇప్పటి హక్కు విలువ తెలుస్తుంది. 1842లో ఇంగ్లాండ్‌లో వింటర్‌బాటమ్ వర్సెస్ రైట్ అనే కేసు నడిచింది. వింటర్‌బాటమ్ టపా బండి తోలే మనిషి. బండి కూలిపోయి జీవితాంతం కుంటివాడయ్యాడు. బండిని సరఫరా చేసి, దాన్ని మంచి స్థితిలో ఉంచుతానని పోస్ట్‌మాస్టర్ జనరల్‌తో ఒప్పందం చేసుకున్నది రైట్. కోర్టు ఏమంది? ఒప్పందం రైట్‌కీ పోస్ట్‌మాస్టర్ జనరల్‌కీ మధ్య ఉంది, బండి తోలేవాడికి అందులో భాగం లేదు, కాబట్టి దావా వేసే హక్కూ లేదు. ఇతన్ని అనుమతిస్తే రేపు దారిన పోయే ప్రతివాడూ దావా వేస్తాడని న్యాయమూర్తులు భయపడ్డారు. విరిగిన బండి గురించి విచారణ దాకా కూడా పోలేదు. కాగితం మీద పేరు లేదు కాబట్టి కాలు పోయినా లెక్కలోకి రాలేదు.

ఈ గోడకు మొదటి పెద్ద బీట 1916లో న్యూయార్క్‌లో పడింది. ఒకాయన డీలర్ దగ్గర బ్యూక్ కారు కొన్నాడు. నడుపుతుండగా చెక్క చక్రం ఆకులు విరిగిపోయి కారు కూలింది, ఆయన గాయపడ్డాడు. చక్రం మేం చేయలేదు, వేరే కంపెనీ నుంచి కొన్నాం, పైగా ఈయన మా దగ్గర కొనలేదు అని బ్యూక్ వాదించింది. న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో ఒప్పుకోలేదు. నిర్లక్ష్యంగా తయారుచేస్తే ప్రాణం మీదికి తెచ్చే వస్తువు అయినప్పుడు, కొన్నవాడే కాక ఇంకెవరెవరో కూడా దాన్ని వాడతారని తెలిసినప్పుడు, ఒప్పందం ఉన్నా లేకపోయినా జాగ్రత్తగా తయారుచేసే బాధ్యత తయారీదారుదే అన్నాడు.

పదహారేళ్ల తర్వాత, 1932లో, అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ అదే చోటికి చేరింది. 1928లో స్కాట్లాండ్‌లోని పైస్లీలో డోనహ్యూ అనే ఆవిడకు ఆమె స్నేహితురాలు జింజర్ బీర్ కొనిపెట్టింది. సీసా లోపలికి చూపు ఆనని రంగుది. సగం తాగాక మిగిలింది ఒంపితే అందులోంచి కుళ్లిన నత్త బయటపడిందని, దాంతో తను జబ్బు పడ్డానని తయారీదారు మీద ఆమె ఫిర్యాదు. డబ్బు కట్టింది స్నేహితురాలు కాబట్టి డోనహ్యూకి ఎవరితోనూ ఒప్పందం లేదు. మన చర్యల వల్ల ఎవరికి హాని కలగవచ్చో ముందే ఊహించగలమో వాళ్లంతా చట్టం దృష్టిలో మన పొరుగువారే అని లార్డ్ ఆట్కిన్ ఆ తీర్పులో రాశాడు. ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. ఒక్క ఓటు తేడాతో తేలిన ఆ తీర్పు మీదే భారత్‌తో సహా ఎన్నో దేశాల నిర్లక్ష్య చట్టం నిలబడింది. సీసాలో నిజంగా నత్త ఉందో లేదో ఏ కోర్టూ తేల్చలేదు, ఆ అవసరం రాకుండానే కేసు రాజీ అయింది. ఉందనే అనుకుంటే ఆమెకు హక్కు ఉందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న, ఉందని జవాబు వచ్చింది.

ఇంత దూరం వచ్చినా ఇంకో గోడ మిగిలింది. నిర్లక్ష్యం అనేది రుజువు చేయాలి. ఫ్యాక్టరీలో ఏ రోజు, ఏ మిషన్ దగ్గర, ఎవరు ఏం చూసుకోలేదో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? 1944లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందుకు ఒక వెయిట్రెస్ కేసు వచ్చింది. కోకా కోలా సీసాలు సర్దుతుంటే ఒకటి ఆమె చేతిలోనే పేలింది. కంపెనీ తప్పు ఫలానా అని ఆమె చూపించలేకపోయింది. అలా పేలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యం అనే సూత్రం కింద మిగతా న్యాయమూర్తులు ఆమెకు న్యాయం చేశారు. ఫలితం విషయంలో వాళ్లతో ఏకీభవించిన రోజర్ ట్రేనర్ మాత్రం కారణం వేరుగా చెప్పాడు. నిర్లక్ష్యం ఊసే అక్కర్లేదన్నాడు. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టి ఆపగలిగేది తయారీదారే, వినియోగదారుడు కాదు. గాయం ఖర్చు ఒక్క మనిషి మీద పడితే ఆ బతుకు కూలిపోతుంది, అదే ఖర్చును తయారీదారు బీమా చేసుకుని అందరి మీదా సర్దగలడు. ఇదీ ఆయన వాదన.

ఆ మాట చట్టంగా మారడానికి మరో 19 ఏళ్లు పట్టింది. భార్య బహుమతిగా కొనిచ్చిన చెక్కపని మిషన్ మీద ఒకాయన పని చేస్తుంటే, చెక్కను పట్టి ఉంచాల్సిన స్క్రూలు చాలక ముక్క ఎగిరి నుదుటికి తగిలింది. 1963లో గ్రీన్‌మన్ వర్సెస్ యూబా పవర్ ప్రొడక్ట్స్ పేరుతో వచ్చిన ఆ కేసులో ఈసారి తీర్పు రాసింది ట్రేనరే. లోపాల కోసం ఎవరూ మళ్లీ తనిఖీ చేయరని తెలిసి మార్కెట్లో పెట్టిన వస్తువులో లోపం ఉండి, దాని వల్ల మనిషికి గాయమైతే, తయారీదారు బాధ్యుడే. దీన్నే కఠిన బాధ్యత అంటారు. తయారీదారు మంచివాడా, జాగ్రత్తపరుడా అన్నది ఇక్కడ పక్కకు పోతుంది. విచారణ వస్తువు మీద జరుగుతుంది.

ఐరోపా దేశాలను ఈ దారికి నెట్టింది మరింత పెద్ద విషాదం. 1957లో పశ్చిమ జర్మనీలో కాంటెర్గాన్ పేరుతో థాలిడొమైడ్ మాత్రలు అమ్మకానికి వచ్చాయి. గర్భిణులు వేవిళ్లకు కూడా వాడారు. 1961 నవంబర్‌లో వెనక్కి తీసుకునేలోపు ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగ్గా ఏర్పడకుండా పుట్టారని అంచనా. ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాల్సి వచ్చింది. 1985లో ఐరోపా కూటమి తెచ్చిన ఉత్పత్తి బాధ్యత నిబంధన, అంటే లోపమున్న వస్తువు చేసిన హానికి బాధ్యత ఎవరిదో చెప్పే నిబంధన, వెనుక ఈ అనుభవం ఉంది. బ్రిటన్‌లో 1987 చట్టం దాని ఫలితమే. జపాన్ 1994లో ఇలాంటి చట్టం చేసింది. భారత్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం 82 నుంచి 87 వరకు సెక్షన్లను ఉత్పత్తి బాధ్యతకే కేటాయించింది, అవి 2020 జూలైలో అమల్లోకి వచ్చాయి.

ఇప్పుడు నష్టపరిహారం అడిగేవాళ్లకు స్థూలంగా మూడు దారులున్నాయి. అమ్మేటప్పుడు ఇచ్చిన మాట, అంటే వారంటీ తప్పారనేది ఒకటి. తయారీలోనో తనిఖీలోనో నిర్లక్ష్యం చేశారనేది రెండోది. వస్తువులో లోపం ఉంది, దాని వల్లే నాకు హాని జరిగింది, ఇంకేమీ రుజువు చేయనక్కర్లేదు అనేది మూడోది. లాయర్లు సాధారణంగా వీలున్నవన్నీ కలిపే ఫిర్యాదులో పెడతారు. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో "విడిభాగం మార్చి ఇవ్వడం తప్ప మాకు ఏ బాధ్యతా లేదు" అని ఉంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగొద్దు. 1960లోనే న్యూజెర్సీ సుప్రీంకోర్టు అలాంటి షరతును కొట్టేసింది. భార్య కోసం ఒకాయన కొన్న కొత్త కారు స్టీరింగ్ కొద్ది రోజులకే పట్టు తప్పి ఆమె గాయపడింది. కంపెనీ ఒప్పంద పత్రం వెనకవైపు చిన్న అక్షరాలను చూపించింది. బేరమాడే వీలే లేని కొనుగోలుదారు మీద రుద్దిన అలాంటి షరతు చెల్లదని కోర్టు చెప్పింది. మనిషి శరీరానికి జరిగిన హాని విషయంలో బాధ్యతను కాగితంతో తప్పించుకోవడాన్ని ఐరోపా నిబంధన కూడా ఒప్పుకోదు.

లోపం అంటే ఏమిటి? అన్ని లోపాలూ ఒక్కలాంటివి కావు. తయారీలో వచ్చే లోపం అందరికీ తేలిగ్గా అర్థమవుతుంది. వెయ్యి వస్తువుల్లో ఒకదానికి వెల్డింగ్ సరిగ్గా పడలేదు, ఒకదానిలో గాజుకు పగులు ఉంది. దాని పక్కన మంచి వస్తువును పెట్టి చూపిస్తే తేడా తెలిసిపోతుంది. ఇలాంటి కేసుల్లో "మేం అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం" అన్న మాటకు కఠిన బాధ్యత కింద విలువ లేదు.

డిజైన్ లోపం అలా కాదు. అక్కడ అన్ని వస్తువులూ గీసిన బొమ్మ ప్రకారమే వచ్చాయి, బొమ్మే తప్పు. 1970లలో ఫోర్డ్ కంపెనీ పింటో కారు పెట్రోల్ ట్యాంకు వెనక ఇరుసుకు వెనకపక్క ఉండేది. వెనకనుంచి ఏదైనా గుద్దితే ట్యాంకు చిల్లు పడి మంటలు లేచేవి. కంపెనీ సొంత పరీక్షల్లోనే ఈ బలహీనత బయటపడిందని, కారుకు కొద్ది డాలర్ల ఖర్చుతో సరిచేసే దారులున్నా చేయలేదని కాలిఫోర్నియాలో విచారణలో తేలింది. 1972లో జరిగిన ఒక ప్రమాదంలో కారు నడుపుతున్న ఆవిడ చనిపోయింది, పక్కన కూర్చున్న పదమూడేళ్ల కుర్రాడు ఒళ్లంతా కాలి బతికాడు. 1978లో జ్యూరీ ఆ కుర్రాడికి పరిహారం కాక, శిక్షగా 12.5 కోట్ల డాలర్లు కట్టమంది. జడ్జి దాన్ని 35 లక్షలకు తగ్గించాడు. 1981లో పైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

డిజైన్ కేసుల్లో కోర్టులు ప్రధానంగా రెండు కొలతలు వాడతాయి. మామూలు మనిషి ఆ వస్తువు నుంచి ఎంత భద్రత ఆశిస్తాడు అన్నది ఒకటి. ప్రమాదం ఎంత, దాన్ని తగ్గించే వేరే డిజైన్ సాధ్యమా, దానికి ఎంత ఖర్చవుతుంది అని బేరీజు వేయడం రెండోది. కంపెనీలు రెండో కొలతనే ఇష్టపడతాయి, ఎందుకంటే లెక్కలన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. నా మటుకు మొదటిదే న్యాయమనిపిస్తుంది. వేరే డిజైన్ గీసి చూపించమని గాయపడినవాళ్లను అడగడం అంటే, వాళ్లను ఇంజినీర్లను పెట్టుకోమనడమే. ఆ స్తోమత ఎంతమందికి ఉంటుంది?

"వస్తువును వాడాల్సిన పద్ధతిలో వాడలేదు" అనే మాట గురించి కాస్త ఆగి చెప్పాలి. పరిహారం ఎగ్గొట్టడానికి దీన్ని వాడినంతగా ఇంకే వాదననూ వాడరు. నిజంగా దుర్వినియోగం చేస్తే తయారీదారుకు రక్షణ ఉండాలి. భారత చట్టం 87వ సెక్షన్ అమ్మినవాళ్లకు అలాంటి రక్షణ ఇస్తుంది కూడా. వస్తువును మార్చేసి గానీ, తప్పుగా వాడి గానీ గాయపడితే అమ్మినవాళ్ల మీద చర్య కుదరదు. అయితే మనుషులు తప్పుగా వాడతారని ముందే తెలిసిన చోట ఆ వాదనకు బలం తగ్గాలి. అమెరికాలో ఒకప్పుడు ఫ్రిజ్ తలుపులకు బయట గొళ్లెం ఉండేది. పారేసిన ఫ్రిజ్‌లలో పిల్లలు దాక్కుని ఆడుకునేవారు, తలుపు పడితే లోపలి నుంచి తెరవడం వాళ్లవల్ల కాక ఊపిరాడక చనిపోయేవారు. ఫ్రిజ్ దాక్కోవడానికి చేసిన వస్తువు కాదు కదా, తప్పు పిల్లలదీ తల్లిదండ్రులదీ అని ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే తలుపులే ఉండాలని 1956లో చట్టం చేశారు. గొళ్లెం పోయి అయస్కాంతం పట్టీ వచ్చింది. పిల్లలు దాక్కోవడం మానలేదు. మారింది తలుపు.

మూడోది హెచ్చరిక లోపం. వస్తువుతో పాటు ఉండే ప్రమాదాన్ని చెప్పకపోవడం, లేదా ఎవరి కంటా పడని చోట చెప్పడం. ఇందులో రెండు వేర్వేరు అన్యాయాలున్నాయి. హెచ్చరించకపోవడం మొదటిది. 2000 సంవత్సరంలో అమెరికాలో ఒక సంగీత కళాకారిణికి వికారం తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. మందు ధమనిలోకి వెళ్లి చేయి కుళ్లిపోయింది, మోచేతి కింది భాగం తీసేయాల్సి వచ్చింది. ఆ పద్ధతిలో ఇంజెక్షన్ ఇవ్వడంలో ఉన్న ప్రమాదం గురించి లేబుల్ మీద సరిపడా హెచ్చరిక లేదన్నది ఆమె ఫిర్యాదు. ప్రభుత్వ సంస్థ ఆమోదించిన లేబుల్ అది, ఇక మాకేం బాధ్యత అని ఆ మందు తయారుచేసిన వైయెత్ కంపెనీ వాదించింది. 2009లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రభుత్వ అనుమతి ఉందంటే అది కనీస హద్దు దాటిందని అర్థం, అంతటితో తయారీదారు బాధ్యత తీరిపోదు. ఆమోద ముద్ర చూసి వెనక్కి తగ్గేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

రెండో అన్యాయం దీనికి పూర్తిగా ఎదురు. సరిచేయగలిగిన ప్రమాదాన్ని సరిచేయకుండా, దాని మీద ఒక స్టిక్కర్ అంటించడం. చేతివేళ్లు పడే చోట బ్లేడుకు కవచం పెట్టవచ్చు. పెట్టకుండా "వేళ్లు పెట్టరాదు" అని రాస్తే ఆ రాత తయారీదారును కాపాడుతుంది తప్ప వేళ్లను కాపాడదు. ప్రమాదాన్ని తీసేయగలిగితే తీసేయాలి, తీసేయలేకపోతే కవచం పెట్టాలి, అదీ కుదరకపోతేనే హెచ్చరికతో సరిపెట్టాలి. భద్రతా ఇంజినీర్లు ఎప్పటినుంచో పాటించే వరస ఇది. కోర్టులు కూడా ఇదే వరస పట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

గాయపడినవాళ్లను లోకం ఎలా చూస్తుందో తెలియాలంటే మెక్‌డొనాల్డ్స్ కాఫీ కేసు చాలు. ఒళ్లో కాఫీ ఒలికిందని ఒక ముసలావిడ కోట్లు కొట్టేసిందని దేశదేశాల్లో నవ్వుకున్నారు. అసలు సంగతి వేరు. ఆమెకు 79 ఏళ్లు. 1992లో, ఆగి ఉన్న కారులో, నడిపేవారి పక్క సీట్లో కూర్చుని ఉంది. కాఫీ 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో ఉంచి అమ్మేవారు. కొద్ది సెకన్లలో చర్మం లోతుగా కాలిపోయే వేడి అది. తొడల దగ్గర మూడో స్థాయి కాలిన గాయాలు, చర్మం తెచ్చి అతికించే ఆపరేషన్లు. అంతకుముందు పదేళ్లలో ఇలా కాలిందని కంపెనీకి 700కు పైగా ఫిర్యాదులు అందాయని విచారణలో తేలింది. ఆమె మొదట అడిగింది ఆసుపత్రి ఖర్చు, దాని వెంట వచ్చిన ఖర్చులు. కంపెనీ ఇస్తానన్నది 800 డాలర్లు. అప్పుడు కోర్టుకెక్కింది. 1994లో జ్యూరీ ఆమె తప్పు కూడా 20 శాతం ఉందని లెక్కగట్టి, రెండు లక్షల డాలర్ల పరిహారాన్ని 1,60,000కు తగ్గించింది. శిక్షగా వేసిన 27 లక్షలను జడ్జి 4,80,000 చేశాడు. చివరికి బయట రాజీ కుదిరింది. నవ్వినవాళ్లలో ఆ ఫోటోలు చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఆ 20 శాతం దగ్గర నేర్చుకోవలసింది ఉంది. వాడినవాళ్ల తప్పు కొంత ఉన్నంత మాత్రాన హక్కు మొత్తం పోదు. చాలా చోట్ల ఆ మేరకు పరిహారం తగ్గుతుంది, అంతే. "నాదీ కొంచెం తప్పుందిలే" అని వదిలేసేవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

ఇక రుజువు. మా చిన్న మామయ్య ఇనుప గేట్లు, గ్రిల్స్ చేసేవాడు. ఒకరోజు కటింగ్ మిషన్‌లో కొత్తగా బిగించిన చక్రం తిరుగుతూనే పగిలింది. ఒక ముక్క మణికట్టు నరాలను కోసేసింది. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చినవాళ్లంతా "గార్డు పెట్టుకోలేదా?" అనే అడిగారు. గార్డు ఉంది, గ్లోవ్స్ కూడా వేసుకున్నాడు. అదే పెట్టెలోని ఇంకో చక్రానికి అంచు దగ్గర పగులు ఉందని షెడ్డులో కుర్రవాడు చూశాడు. చూసి, ఇంకెవరికీ దెబ్బ తగలకూడదని అన్నీ కలిపి పారేశాడు. నేల మీది ముక్కలు ఆ సాయంత్రమే ఊడ్చేశారు. రక్తం మరకలున్న చోటును ఎవరు అలాగే వదిలేస్తారు? తర్వాత కంపెనీకి రాస్తే "పగిలిన చక్రం పంపండి, పరీక్షించి చెబుతాం" అని జవాబు వచ్చింది. లాయరు గారు అంతా విని, "వస్తువు లేకపోతే కష్టమండీ, అందులో లోపం ఉందని దేన్ని చూపించి చెబుతాం?" అన్నారు. మామయ్య రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. లోపం అతనికి తెలుసు, మాకు తెలుసు. కోర్టుకు తెలిసేలా చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు.

అందుకే ఎవరికైనా ఇలా జరిగితే ముందు చెప్పాల్సింది: వస్తువును పారేయకండి, రిపేరుకు ఇవ్వకండి, తయారీదారు అడిగినా రసీదు లేకుండా, పరీక్షలో మీ మనిషి లేకుండా అప్పగించకండి. పగిలిన ముక్కలు, పెట్టె, మాన్యువల్, బ్యాచ్ నంబరు ఉన్న లేబుల్, బిల్లు అన్నీ దాచండి. బిల్లు మీది అక్షరాలు మాసిపోతాయి, ఫోటో తీసి పెట్టుకోండి. గాయాలనూ ఫోటో తీయండి. ఏ వస్తువు వల్ల, ఎలా గాయమైందో డాక్టరు గారి చేత కేసు షీటులో రాయించండి. అదే వస్తువును కంపెనీ వెనక్కి తీసుకుంటోందేమో, ఇలాంటి ఫిర్యాదులు ఇంకా ఉన్నాయేమో వెతకండి. గడువు చూసుకోండి. భారత్‌లో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు, ఐరోపా నిబంధన ప్రకారం హాని, లోపం, తయారీదారు ఎవరో తెలిసిన నాటి నుంచి మూడేళ్లు. కొన్నది మీరు కాకపోయినా వెనకాడకండి. భారత చట్టంలో కొన్నవాళ్ల అనుమతితో వాడేవాళ్లు కూడా వినియోగదారులే. కంపెనీ ఎక్కడో ఉందని కూడా భయపడనక్కర్లేదు, మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవాళ్లనే బాధ్యులను చేసే వీలు అదే చట్టం 86వ సెక్షన్‌లో ఉంది.

ఈ జాగ్రత్తలన్నీ చెబుతున్నాను గానీ, గాయపడిన గంటలో ఎవరికి ఇవన్నీ గుర్తుంటాయి? డ్రాయింగులు, పరీక్షల రిపోర్టులు, పాత ఫిర్యాదుల ఫైళ్లు తయారీదారు దగ్గర ఉంటాయి. రుజువు మాత్రం అవతలివాళ్లు తేవాలంటారు. ఒకరి ఇంట్లో తాళం వేసి ఉన్న పెట్టెలో ఏముందో ఇంకొకరిని చెప్పమన్నట్టు ఉంది ఇది. కొన్ని కోర్టులు ఈ సంగతి గమనించాయి. 1980లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందుకు డీఈఎస్ అనే మందు కేసు వచ్చింది. తల్లులు గర్భంతో ఉన్నప్పుడు వాడిన మందు వల్ల కూతుళ్లకు ఏళ్ల తర్వాత క్యాన్సర్లు వచ్చాయి. ఏ కంపెనీ మాత్ర మింగిందో ఏ తల్లి చెప్పగలదు? మార్కెట్లో ఎవరి వాటా ఎంతో ఆ మేరకు వాళ్లు పరిహారం కట్టాలని కోర్టు దారి చూపింది. 2015లో ఐరోపా న్యాయస్థానం పేస్‌మేకర్ల విషయంలో మరో అడుగు వేసింది. ఒకే రకం పరికరాల్లో లోపం వచ్చే అవకాశం మామూలు కంటే బాగా ఎక్కువని తేలితే, ఈ రోగి ఒంట్లో ఉన్న పరికరంలోనే లోపం ఉందని విడిగా రుజువు చేయనక్కర్లేదంది. ఒంట్లోంచి తీసి పరీక్షించి చూపించమనడం ఎంత క్రూరమో ఆలోచిస్తే ఈ తీర్పు విలువ తెలుస్తుంది.

ఇలాంటి చట్టాల వల్ల ధరలు పెరుగుతాయి, కొత్త వస్తువులు రావు అని వాదించేవాళ్లున్నారు. కొట్టిపారేయాల్సిన వాదన కాదు. 1980లలో అమెరికాలో దావాల భయంతో టీకాలు తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు 1986లో ఒక చట్టం తెచ్చి, టీకాల వల్ల హాని జరిగినవాళ్లకు తప్పు ఎవరిదో తేల్చకుండానే ఒక నిధి నుంచి పరిహారం ఇచ్చే ఏర్పాటు చేశారు. టీకాలు అందరి ఆరోగ్యానికీ కావాలి కాబట్టి అది సబబే. న్యూజిలాండ్ ఇంకా ముందుకు వెళ్లి 1974 నుంచి అన్ని రకాల ప్రమాద గాయాలకూ ప్రభుత్వమే పరిహారం ఇస్తోంది, బదులుగా పరిహారం కోసం దావా వేసే హక్కు తీసేసింది. గాయపడినవాళ్లకు త్వరగా డబ్బు అందడం చిన్న విషయం కాదు. అయితే ఈ రెండు ఏర్పాట్లలోనూ గాయాన్ని పట్టించుకోకుండా వదిలేయలేదు, ఖర్చు ఎవరు భరించాలన్నదే మార్చారు. ధర పెరుగుతుందనే వాదన దీనికి భిన్నం. గాయం ఖర్చు ఎలాగూ ఉంది. వస్తువు ధరలో కలవకపోతే అది ఒక కుటుంబం అప్పులో కలుస్తుంది. అలా కలిసినప్పుడు ఎవరి లెక్కల్లోనూ కనిపించదు, డిజైన్ మార్చాలని ఎవరికీ అనిపించదు.

అప్పటికి సైన్సుకు తెలియని ప్రమాదం అయితే తయారీదారు బాధ్యుడు కాడనే మినహాయింపు కూడా ఐరోపా నిబంధనలో ఉంది. దాన్ని తీసేసే స్వేచ్ఛ సభ్యదేశాలకు ఇస్తే ఫిన్లాండ్, లక్సెంబర్గ్ పూర్తిగా తీసేశాయి. అక్కడ పరిశ్రమలు మూతపడలేదు.

2024లో ఐరోపా తన పాత నిబంధనను తిరగరాసింది. 2026 డిసెంబర్ 9 తర్వాత మార్కెట్లోకి వచ్చే వస్తువులకు ఇది వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ కూడా ఇక వస్తువే. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది రుజువు గురించిన మార్పు. గాయపడినవాళ్లు తమ వాదనలో పస ఉందని చూపిస్తే, తన దగ్గరున్న ఆధారాలు బయటపెట్టమని కోర్టు కంపెనీని ఆదేశించవచ్చు. పెట్టకపోతే వస్తువులో లోపం ఉన్నట్టే భావిస్తుంది. మామూలుగా వాడుతుండగా కళ్లముందే పాడై హాని చేసినా అలాగే భావిస్తుంది. సాంకేతిక చిక్కుల వల్ల రుజువు మరీ కష్టమైన చోట, లోపం ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలు. లేదని నిరూపించుకోవాల్సిన పని కంపెనీది.

లోపం ఉన్నట్టే భావించే ఇలాంటి ఏర్పాటుకు భారత చట్టంలో చోటు లేదు. వస్తువును ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది, ఆ పరీక్ష ఫీజును ముందుగా ఫిర్యాదుదారే కట్టాలని కమిషన్ అడగవచ్చు. ఆపరేషన్ బిల్లు కట్టి వచ్చిన మనిషిని మళ్లీ పరీక్ష బిల్లు కూడా కట్టమనడం సరికాదు. వైద్యుడి కాగితం, వాడిన తీరు, ప్రమాదం జరిగిన తీరు చూసి వాదనలో పస ఉందనిపిస్తే, ఆ ఫీజు కంపెనీ చేత కట్టించాలి. అదే బ్యాచ్ వస్తువుల తనిఖీ రికార్డులు, పాత ఫిర్యాదులు కమిషన్ ముందు పెట్టించాలి. పెట్టకపోతే లోపం ఉన్నట్టే రాసుకోవాలి. ఒక్క సెక్షన్ చేరిస్తే అయ్యే పని ఇది, ఆ సెక్షన్ కోసం మనం గట్టిగా అడగాలి.